పద్మ పెళ్ళి బొండాం, నా గ్లూ గన్ను

ఒక శుభలగ్నాన్ని నేను ఒంటిచేత్తో ఎలా జిగురుపాలు చేశానో చెబుతాను. కాఫీ తాగుతూ మాత్రం చదవకండి. పొరబోతే పూచీ నాది కాదు.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ వస్తున్న రోజులవి. ఏలూరులో వేసవి సెలవులకి క్రాఫ్టు క్లాసులో చేరి, కంటికి కనిపించిన ప్రతి వస్తువుకీ కుందన్లు అంటించే దశలో ఉన్నాను. మా నాన్నగారి కళ్ళజోడు డబ్బా కూడా తప్పించుకోలేదు. ఆయన దాన్ని ఆఫీసులో జేబులోంచి తీయడం మానేశారు. సరిగ్గా అప్పుడే మా పిన్ని కూతురు పద్మకి తాడేపల్లిగూడెం సంబంధం కుదిరింది. పెళ్ళి భీమడోలులో, పిన్ని వాళ్ళ ఊళ్ళోనే. పెళ్ళికూతురు రెండు చేతులా పట్టుకుని మండపానికి వచ్చే కొబ్బరిబొండాన్ని నేనే అలంకరిస్తానని ప్రకటించేశాను.

"బజార్లో రెడీమేడువి దొరుకుతున్నాయి కదమ్మా సుజాతా," అంది పిన్ని భయంభయంగా.

"అవి అందరూ పట్టుకుంటారు పిన్నీ. మన బొండాం చూసి గూడెం వాళ్ళు నోరెళ్ళబెట్టాలి!"

పెట్టారు లెండి. అక్కడికే వస్తున్నాను.

ఏలూరు బజారులో ఫ్యాన్సీ షాపుకి వెళ్ళాను. "దేనికి అంటించాలండీ?" అని అడిగాడు షాపతను.

"గట్టిగా అంటుకునేది ఇవ్వండి."

"తెల్ల గమ్ముందండీ, ఆరడానికి పూట పడుతుంది. రబ్బరు గమ్ముందండీ, కాస్త వాసన. గ్లూ గన్నుందండీ, కరెంటు పెడితే లోపల కడ్డీ కరిగి ధారగా వస్తుంది."

దేనికి అని అతను అడిగితే నేను జవాబే చెప్పలేదు, గమనించారా? నేను గమనించలేదు. ఆ తుపాకీ ఆకారం చూడగానే మనసు పారేసుకున్నాను. చిన్నది చాలదని పెద్దది కొన్నాను. బయటికి వస్తుంటే, "అత్యవసరానికి ఇదీ ఉంచుకోండి, చుక్క చాలండీ," అంటూ క్షణంలో పట్టేసే గమ్ము ట్యూబొకటి అంటగట్టాడు.

పెళ్ళికి ముందురోజు నున్నటి పచ్చి బొండాం ఎంచుకున్నాను. మెరుపు చాలలేదనిపించి కొబ్బరినూనె పట్టించాను. అవునండీ, కొబ్బరికాయకి కొబ్బరినూనె! దాని మీద గ్లూ గన్నుతో ముత్యాలు, లేసు, కుందన్లు దట్టంగా అంటించాను. వచ్చినవాళ్ళంతా మెచ్చుకుంటుంటే నేల మీద నడవలేకపోయాను.

పెళ్ళిరోజు పొద్దున బొండాన్ని ఎత్తగానే అలంకారం మొత్తం పిల్లల కుళ్ళాయిలా ఊడి చేతికొచ్చింది. జిడ్డు మీద ఏ జిగురు నిలుస్తుంది? పరుగున గ్లూ గన్ను తెచ్చి ప్లగ్గులో పెట్టాను. కరెంటు లేదు. కల్యాణమండపం జనరేటరేమో ఫ్యాన్లకీ మైకుకీ తప్ప ప్లగ్గులకి పనిచేయదట. బొండాన్ని పైటతో తుడిచేసి, ట్యూబు తీశాను. చుక్క చాలన్నాడు. నేను ట్యూబంతా పిండి, ఊడిన అలంకారాన్ని మళ్ళీ తొడిగాను. లేసు కింద నుంచి అది పక్కలకి కారుతోందని ఎవరికి తెలుసు?

పద్మ బొండాం పట్టుకుని వచ్చి పీటల మీద కూర్చుంది. అడ్డుతెరకి అటువైపు పెళ్ళికొడుకు. కాసేపటికి పద్మ నా వైపు వంగింది.

"అక్కా, బాగా అంటుకుందే."

"చూశావా మరి!" మురిసిపోయాను.

"కుందన్లు కాదక్కా. నా చెయ్యి."

ఎడమ చెయ్యి ఎలాగో వచ్చింది. కుడి అరచెయ్యి మాత్రం బొండాన్ని వదలలేదు. జీలకర్రా బెల్లం పెట్టాల్సింది ఆ చేత్తోనే. సుముహూర్తానికి ఆ ముద్ద పెళ్ళికొడుకు నెత్తిన పడకపోతే ఇక పెళ్ళేమిటి? నా మూలంగా పద్మ పెళ్ళి చెడిపోతుందేమోనని నిజంగానే ఏడుపొచ్చేసింది. పిన్ని హోమానికి పెట్టిన నెయ్యి తెచ్చి రాసింది. నేను లాగాను.

"అమ్మో! తోలు ఊడొచ్చేస్తుందక్కా!"

"పంతులుగారూ, ఎడమ చేత్తో పెట్టించెయ్యండీ," అని బతిమాలాను.

"శుభమా అని ఎడమ చెయ్యేమిటమ్మా!" అని ఆయన గడియారం చూసుకున్నారు. బొండాన్ని చూశారు. మళ్ళీ గడియారం చూసుకున్నారు. "సరే. చెయ్యి బొండాన్ని వదలదు కాబట్టి ఈ పూటకి బొండాం కూడా చెయ్యే. ముద్ద దాని అడుగున పెట్టండి. గట్టిమేళం!"

సన్నాయి, డోలు మోగిపోతుండగా పద్మ తెర మీదుగా బొండాన్ని ఎత్తి, జీలకర్రా బెల్లంతో సహా పెళ్ళికొడుకు నెత్తిన పెట్టింది. మేళం ఆగింది. తెర వెనక నుంచి మర్యాదగా ఒక గొంతు వినిపించింది.

"ఏవండీ పంతులుగారూ, జీలకర్రా బెల్లం ఇంత బరువుంటుందాండీ?"

మండపం గొల్లుమంది. తెర దించేసరికి పద్మ నవ్వాపుకోలేక ఊగిపోతోంది. దాంతోపాటు పెళ్ళికొడుకు నెత్తిన బొండాం కూడా ఊగుతోంది. అతను కళ్ళు మాత్రమే పైకెత్తి విషయం గ్రహించి, తానూ నవ్వేశాడు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

తలంబ్రాల వేళకి వేడినీళ్ళూ సబ్బూ కలిసి పద్మ చేతిని విడిపించాయి. పెళ్ళికొడుకు నన్ను పిలిచాడు.

"వదినగారూ, శ్రావణంలో మా చెల్లెలి పెళ్ళండీ. బొండాం మీరే చెయ్యాలి."

"అయ్యో, ఇంత జరిగాక కూడానా అండీ?"

"అందుకేనండీ. కాబోయే మా బావగారికి కూడా బరువు తెలియాలి కదా!"

నేను అక్కడికక్కడే హోమగుండం వైపు తిరిగి, చేతులు జోడించి, అగ్నిసాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో గ్లూ గన్ను పట్టను, గమ్ము ట్యూబు మూత తియ్యను, కొబ్బరికాయ కనిపిస్తే పచ్చడి చేసుకుని తినడమే తప్ప దానికి నగలు పెట్టను.