కళ్లద్దాల్లో నా చేతులు

నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో నన్ను వెక్కిరిస్తారు. ఒక్క మాట మాత్రం ఇన్నేళ్లుగా నాలోనే ఉండిపోయింది. ఇక మోయలేక మీకు చెబుతున్నాను.

వినపడనివాళ్లకు ఎదుటివాళ్ల మాటల్ని సైగల్లో చెప్పడం నా పని. అప్పట్లో ఒక సంస్థ కొత్తరకం కళ్లద్దాలు కొందరికి ఇచ్చి చూసింది. పెట్టుకున్నవాళ్లు చూసేదీ, అక్కడ వినపడేదీ ఇంటర్నెట్లో నాకు చేరేవి. సైగలు చేస్తున్న నా బొమ్మ వాళ్ల అద్దం మూలన కనిపించేది. నేను రాజాంలో, ఆ అద్దాలు పెట్టుకున్న దావీదు నెల్లిమర్లలో. నా చేతుల కోసం అతను వాళ్లమ్మ ముఖం మీంచి చూపు తిప్పుకోనక్కర్లేదు.

ఆమె జూట్ మిల్లులో పనిచేసిన మనిషి. మంచాన పడింది. పాస్టరుగారు ప్రార్థన చేసి వెళ్లాక కొడుకు చెయ్యి పట్టుకుంది.

“ఒరే దావీదూ, సిన్నప్పుడు నీకు జొరమొస్తే కూలి పోతాదని నాను మిల్లు మాననేదురా. ఆస్పత్రికి ఆలీసంగా ఎత్తుకెల్లాను. అందుకే నీ సెవులు పోనాయి. నన్ను మన్నించరా.”

దావీదు చేతులు నా తెరమీదికి వచ్చాయి. అమ్మ ఏమంది?

ఉన్నది ఉన్నట్టు చెప్పడమే కదా నా పని. ఎందుకు చెప్పలేదు? అతని గుండె పగులుతుందనా? అది చూడలేకనా? ఆ అద్దాల్లోంచి నాకు కనపడేది అమ్మ ముఖమే, అతనిది కాదు, మరి నేను ఎవరికి భయపడినట్టు? అన్నం తిన్నావా అని అడుగుతోంది, అని సైగ చేశాను.

తెరమీద ఆమె ముఖం పైకీ కిందికీ ఊగింది. దావీదు తలూపుతున్నాడన్నమాట. తిన్నానన్నాడు. ఆ మాటను అద్దాల స్పీకరులోంచి ఆమెకు వినిపించాల్సిందీ నేనే. వినిపించలేదు.

“మన్నించీసినావు నాయనా, సాలు,” అని ఆమె ఏడుస్తూ అతని చెయ్యి కళ్లకద్దుకుంది. ఆ కన్నీళ్లూ నా చేతులూ అతనికి పక్కపక్కనే కనిపించాయి. అతను చేతుల్నే నమ్మాడు.

మళ్లీ మాట్లాడకుండానే ఆ వారమే ఆమె పోయింది.

ఇప్పటికీ దావీదు కలవగానే అడిగేది ఒకటే. తిన్నావా అక్కా? అమ్మ ఆఖరి మాట కదా అంటాడు. ఎంత ప్రేమగా అడుగుతాడో! తిన్నానంటాను. ఆ ప్రేమకు నేను తగను.

తెలిసుంటే క్షమించేవాడేమో, కోప్పడేవాడేమో. ఏదైనా అది అతను ఇవ్వాల్సిన జవాబు. నేను లాక్కున్నాను. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం నాకు ఇంకా రాలేదు. ఇలా రాస్తుంటే మాత్రం చేతులు కొంచెం తేలికపడ్డాయి. ఇది అచ్చయితే దావీదు చదువుతాడు. చదవనీ.

తమ్ముడూ, ఆ రోజు అమ్మ అడిగింది అన్నం గురించి కాదు.