తమ్ముడి పేరు మీద నా బాకీ

ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఏళ్లయింది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. విని నన్ను ఓదార్చాల్సిన పని లేదు. నన్ను తలచుకుంటే నాకే రోత.

మాది నల్లగొండ దగ్గర ఒక పల్లె. మగ్గం మీద బతికిన ఇల్లు. నేను పుట్టిన ఏడాదే మా తాత పోయాడు. మా నాయన నాకు ఆయన పేరు పెట్టాడు. కొన్ని నెలలకు మా చిన్నాయనకు కొడుకు పుడితే, తాత మీద ప్రేమ మీకే ఉందా అన్నట్టు ఆయనా అదే పేరు పెట్టాడు. ఇంట్లో ఎవరికీ ఇబ్బంది రాలేదు. నేను పెద్దోణ్ణి, వాడు చిన్నోడు. ఇద్దరినీ ఒకే రోజు బడిలో చేర్పిస్తే సారు ఇద్దరికీ ఒకటే పుట్టినరోజు రాసేశాడు. ఉమ్మడి ఇల్లు కాబట్టి ఇంటి నంబరూ ఒకటే. తండ్రి పేరు తప్ప కాగితాల మీద మేమిద్దరం ఒకే మనిషి. చిన్నప్పుడు అది మాకో తమాషా. ఆ పేరేమిటో మాత్రం ఇక్కడ రాయను.

నేను చదువుకుని నల్లగొండలో ఒక ప్రైవేటు కాలేజీలో ఆఫీసు పనికి కుదిరాను. తెలంగాణ వచ్చిన కొత్తలో ఒక బ్యాంకు మనిషి కాలేజీకే వచ్చి క్రెడిట్ కార్డు అంటగట్టాడు. అంటగట్టాడని ఎందుకంటున్నాను? నేనే ఎగబడి తీసుకున్నాను. ఫ్రిజ్ కొన్నాను, ఫోన్ కొన్నాను, దోస్తులకు దావత్‌లిచ్చాను. కట్టాల్సి వచ్చేసరికి చేతులెత్తేశాను. వసూలు వాళ్ల ఫోన్లు మొదలైతే సిమ్ మార్చాను, కిరాయి ఇల్లు మార్చాను. కొన్నాళ్లకు ఫోన్లు ఆగిపోయాయి. తప్పించుకున్నానని లోలోపల సంబరపడ్డాను కూడా.

తమ్ముడు చదువు మానేసి మగ్గం మీద కూర్చున్నాడు. సేటు పట్టు ఇస్తాడు, వీడు నేసి కూలి తీసుకుంటాడు, చీర సేటుకు పోతుంది. తన పట్టు తాను కొనుక్కుని, తన చీర తాను అమ్ముకోవాలని వాడి ఆశ. కార్డు మీద పట్టు తెచ్చుకుంటే, చీర అమ్మాక బిల్లు కట్టుకోవచ్చని ఎవరో చెప్పారు. వాడు కార్డుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. బ్యాంకు కుదరదంది. వాడి క్రెడిట్ రిపోర్టు తీసి చేతికిచ్చి, నీ పేరు మీద పాత కార్డు బాకీ ఉందని చెప్పి పంపేశారు. వాడు ఆ కాగితం పట్టుకుని సీదా నా దగ్గరికి వచ్చాడు. మా ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగేది నేనొక్కణ్ణే.

“అన్నా, నేను కార్డు మొకమే సూడలే. గీ బాకీ యాడికెళ్లి వచ్చింది? జర సూడు.”

చూశాను. బ్యాంకు పేరు చూడగానే తెలిసింది. కార్డు తీసుకున్న ఏడాది చూశాక అనుమానమే లేదు. ఆ రిపోర్టు తయారుచేసేవాళ్లు మమ్మల్నిద్దరినీ ఒక్కరిగా అనుకుని నా బాకీని వాడి పేరు మీదికి ఎక్కించారు. ఆ తప్పు నేను చేసింది కాదు. అంతవరకు నేను అప్పు ఎగ్గొట్టినవాణ్ణి మాత్రమే. ఆ తర్వాత నోటితో అన్న మాటలే నన్ను తింటున్నాయి. చేతులు వణికాయనో గుండె దడదడలాడిందనో రాస్తే మీకు కొంచెం జాలి కలిగేదేమో. అదేమీ లేదు. బుర్ర చకచకా పనిచేసింది.

“ఎవరికన్న జామీను ఉన్నవా? యాది చేసుకో,” అన్నాను.

“మా బామ్మర్ది బండి తీసుకున్నప్పుడు నా ఆధార్ జిరాక్స్ ఇచ్చిన. గంతే.”

“ఇంకేంది మరి. జిరాక్స్ ఉంటే ఎవ్వడన్న కార్డు తీస్తడు.”

“వాడు గసుంటోడు కాదన్నా.”

“నేనేమంటలేను. కాగితం అంటాంది.”

వాడు కాగితాన్ని మళ్లీ తన వైపు తిప్పుకున్నాడు. “బాకీ నీది కాకుంటే దరఖాస్తు పెట్టుకొమ్మని బ్యాంకు సారు చెప్పిండు,” అన్నాడు మెల్లగా.

“పెడితే పోలీసులు, కోర్టు. నీ బామ్మర్దిని లోపలేస్తరు. నీ పెండ్లానికి మొకం ఎట్ల సూపిస్తవు? సప్పుడు చెయ్యక కట్టేసుకో.”

“నువ్వు చెప్పినవంటే ఇగ గంతే అన్నా,” అన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నా భార్య ఇచ్చిన చాయ్ తాగి, బస్సుకు పోయాడు.

వాడు పోయాక నాకు ఇంకో సంగతి తట్టింది. నా బాకీ వాడి నెత్తిన ఉందంటే నా పేరు శుభ్రంగా ఉన్నట్టే కదా? మరునాడే ఇంకో బ్యాంకులో కార్డుకు పెట్టుకున్నాను. అడ్డేమీ లేకుండా ఇంటికి వచ్చింది. కవరు చించి, ఆ మెరిసే ముక్కను చేత్తో తడిమి చూసుకున్నాను. మీకు అసహ్యం వేస్తోందా? ఆ రోజు నాకు వేయలేదు. ఇప్పుడు వేస్తోంది.

తర్వాతి సారి ఊరికి పోతే మరదలి చెవులకు కమ్మలు లేవు. రంధ్రాలు పూడిపోకుండా చీపురు పుల్లలు పెట్టుకుంది. ఆ కమ్మలమ్మి నా ఫ్రిజ్ బాకీ, నా దావత్‌ల బాకీ కట్టారు. తమ్ముడు బామ్మర్దిని గడప తొక్కొద్దన్నాడు. ఆయన దేవుడి మీద ఒట్టేసి ఏడ్చాడట. అయినా వీడు నమ్మలేదు. అన్న చదివి చెప్పాడు మరి. రాఖీ పున్నమికి మరదలు పుట్టింటికి పోవడం ఆగిపోయింది.

కమ్మలు మళ్లీ చేయించి ఏదో వంక పెట్టి ఇద్దామనుకున్నాను. ఎందుకని అడుగుతారేమోనని ఊరుకున్నాను. నిజం చెప్పడానికి భయం, అబద్ధంగా మంచి చేయడానికీ భయం. ఇలాంటి మనిషిని ఏమంటారు? నాకు తెలిసిన తిట్లేవీ సరిపోవడం లేదు.

బాకీ తీరాక తమ్ముడు కొంతకాలం ఆగి మళ్లీ కార్డుకు పెట్టుకున్నాడు. మళ్లీ రాలేదు. ఇంకా ఆగి మరోసారి పెట్టుకుంటే ఈసారి ఇచ్చారు. సొంతంగా పట్టు తెచ్చుకున్నాడు. నేసిన మొదటి చీర అమ్ముకోకుండా మా ఇంటికి తెచ్చి, తోవ చూపించింది నువ్వే కదా అన్నా అని నా భార్య చేతుల్లో పెట్టాడు. ఎరుపు మీద ఆకుపచ్చ అంచు. ఆమె పండుగకు పండుగకు దాన్నే కడుతుంది. ఆమె ఆ చీరలో ఎదురైతే నేను ఏదో పనున్నట్టు బయటికి పోతాను.

మొన్న శ్రావణ పున్నమికి ఎప్పటిలాగే ఊరికి పోయాను. మా నేతవాళ్లమంతా ఆ రోజు మార్కండేయుడి గుడిలో జంధ్యాలు మార్చుకుంటాం. నేనూ తమ్ముడూ పక్కపక్కన కూర్చున్నాం. కొత్త పోగు భుజం మీద వేసుకుంటూ వాడు నా చెవిలో అన్నాడు. “బామ్మర్ది పొద్దుగాల ఫోన్ చేసిండన్నా. ఎత్తలే. దొంగతోని ఏం మాట?” పంతులు మంత్రం చెప్తున్నాడు. దొంగ పక్కనే కూర్చుని ఆ మంత్రం తిరిగి పలుకుతున్నాడు.

ఇంటికి పోతే మరదలు అన్నం వడ్డించింది. దేవుడి అరలో దీపం పక్కన కట్టని రాఖీ ఒకటి ఉంది. కడుపునిండా తిన్నాను. ఛీ.

చెప్పానా? చెప్పలేదు. చెప్తానా? తెలియదు. చెప్తానని మీకు మాటిస్తే అదీ ఒక అబద్ధమే అవుతుందేమో. కానీ ఇది రాస్తూ మధ్యలో ఆగి, ఇంట్లో ఎవరూ లేరు కదా అని, వాడు ఆ కాగితం నా ముందు పెట్టిన రోజు అనాల్సిన మాట ఒకసారి పైకి అన్నాను. “గది నా కార్డు తమ్మీ.” అంతే మాట. దీనికి ఇన్నేళ్లు పట్టింది. వాడికి ఇంకా వినపడలేదు. నా చెవిన మాత్రం ఇవాళే పడింది.