తప్పుల వేలం

నా చిన్నప్పుడు మా పేటలో చాప కొలవడానికి కొలబద్ద ఉండేది కాదు. ఎవరి చెయ్యి వాళ్ళకు కొలత. మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా ఒక మూర. అలా నాలుగు మూరలు కొలిచి చాప నేసేవాళ్ళు. మా అమ్మ పొట్టి మనిషి, ఆమె మూర కూడా పొట్టిదే. ఆ చిన్న సంగతి చుట్టూ ఒక వేసవి మాకు ఎలా తిరిగిందో చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ప్రభువు ఇన్నాళ్ళు ఆయుష్షు ఇచ్చి నిలిపాడు గనుక ఇప్పుడు చెబుతున్నాను.

మా పేట విజయవాడకు దిగువన, కాలవ గట్టు పక్కన ఉండేది. ముప్పై ఇళ్ళు, వాటి మధ్య తాటాకు కప్పిన ప్రార్థన మందిరం. నాట్లు, కలుపులు, కోతలు ఉన్నంతకాలం అందరికీ చేతినిండా పని. కుప్పలు నూర్చడం అయిపోతే పొలాల్లో ఇక ఏమీ ఉండదు. అప్పుడు ఆడవాళ్ళు మిరపకాయ కోతలకని కృష్ణ దాటి గుంటూరు వైపు వెళ్ళేవాళ్ళు. వాళ్ళను ముఠాగా కట్టి తీసుకెళ్ళేది మా మేస్త్రి తాతయ్య. ఆయన మాకు చుట్టం కాదు గానీ పేటలో పిల్లలందరికీ తాతయ్యే. సంఘ పెద్ద కూడా ఆయనే. ఎక్కడికి వెళ్ళినా చేతిలో ఇత్తడి పొన్ను వేసిన పొడవాటి వెదురు కర్ర ఉండేది. పొలం కొలిచి ఎవరి వంతు పని వారికి పంచడానికి వాడే ఆ కర్ర ఆయనకు వాళ్ళ నాన్న నుంచి వచ్చింది.

మా నాన్న నాకు ఊహ తెలియకముందే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. అమ్మ కోతలకు వెళ్తూ నన్ను పక్కింటి అక్క దగ్గర వదిలేది. మూడు నెలలు. తిరిగి వచ్చిన రోజు నేను పరుగెత్తుకుంటూ ఎదురు వెళ్తే అమ్మ చేతులు వెనక్కి పెట్టుకునేది. మిరపకాయల మంట వేళ్ళలోకి దిగిపోయి ఎన్నిసార్లు కడిగినా పోయేది కాదు. ఆ చేత్తో ముట్టుకుంటే నా కళ్ళు మండుతాయని ఆమె భయం. కొన్నాళ్ళపాటు నా మొహం పైట కొంగుతోనే తుడిచేది. అన్నం కూడా అక్కే కలిపి పెట్టేది. నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు ఉంటాయేమో. ప్రతి రాత్రి ప్రార్థనలో నేను అడిగింది ఒక్కటే, అమ్మ వెళ్ళకుండా ఉండాలని.

ఆ అక్క పుట్టిల్లు దివిసీమ. అక్కడ తుంగచాపలు నేస్తారు. మా మురుగుకాలవల ఒడ్డున తుంగ మనిషెత్తు పెరిగి ఉండేది, గేదెలు తప్ప ఎవరూ దాని వంక చూసేవాళ్ళు కాదు. అక్క దాన్ని కోసి, చీల్చి, ఎండబెట్టి, వసారాలో మగ్గం బిగించి ఎర్ర చారలున్న చాప ఒకటి నేసింది. కోత పండుగకు తన ప్రథమ ఫలంగా దాన్నే మందిరానికి తెచ్చింది.

కోత పండుగ తెలియనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. ఆ రోజు ప్రతి ఇంటివాళ్ళూ తమ కష్టార్జితంలో మొదటిది తెస్తారు. గుమ్మడికాయ కావచ్చు, కోడిపుంజు కావచ్చు, వడ్ల మూట కావచ్చు. ఆరాధన అయ్యాక వాటిని అక్కడే వేలం వేస్తారు. ఆ వేలంలో ఎవరూ వస్తువును చూసి పాడరు, దేవుణ్ణి చూసి పాడతారు. కోడిగుడ్డు కోడి ధర పలుకుతుంది. ఆ ఏడు వేలం వేస్తున్న మేస్త్రి తాతయ్యే అక్క చాప చూసి ముచ్చటపడి, తనకు తానే పోటీగా పాటను పెంచుకుంటూ పోయి, నాలుగు చాపల ధరకు దాన్ని తనే తీసుకున్నాడు. మందిరమంతా స్తోత్రం అన్నారు, చప్పట్లు కొట్టారు.

అక్కడే మావాళ్ళు పొరబడ్డారు. "చాపకి ఇంత ధరుందని మనకి తెలీనే తెలీదు కదే," అంది చివరింటి పెద్దమ్మ. ఆ మాట పేటంతా తిరిగింది. వారం తిరక్కుండా ఎనిమిదిమంది ఆడవాళ్ళు అక్క దగ్గర నేత నేర్చుకోవడానికి కూర్చున్నారు. వాళ్ళలో మా అమ్మ ఉంది. ఈ ఏడు మిరపకోతలకు రాలేమని తాతయ్యకు చెప్పేశారు. ఆయన మిగిలినవాళ్ళను మొదటి విడతగా తీసుకెళ్ళి అక్కడ దింపి, రెండో విడత కోసం తిరిగి వస్తానన్నాడు. "మనసు మారితే అప్పుడు చెప్పండమ్మా," అన్నాడు.

నెలరోజుల్లో పదిహేను చాపలు అయ్యాయి. వాటిని బస్సు పైన కట్టించి అక్క, అమ్మ విజయవాడ వన్ టౌన్‌కు బయలుదేరారు. నేను ఏడిస్తే నన్నూ తీసుకెళ్ళారు. అక్కడ మేము వెళ్ళింది చాపలు, తాళ్ళు, బుట్టలు టోకున అమ్మే కొట్టుకు. షావుకారు పెద్దమనిషే, మమ్మల్ని కూర్చోమని నీళ్ళు ఇప్పించాడు. చాపలు ఒకదాని మీద ఒకటి పరిపించాడు. పరిచేకొద్దీ అంచులు మెట్లలాగా కనబడ్డాయి. ఒకటి జానెడు పొడుగు, ఒకటి బెత్తెడు పొట్టి. అన్నిటికంటే చిన్నది మా అమ్మది.

"పదిహేను చాపలు తెచ్చారు, పదిహేను కొలతలు తెచ్చారు," అన్నాడాయన. "నా దగ్గర కొనేవాడు పల్లెటూళ్ళో కొట్టు పెట్టుకున్నవాడమ్మా. వాడికేం చెప్పను? పొడుగాటోళ్ళకి ఇదిగో, పొట్టోళ్ళకి అదిగో అనా?"

"మా మందిరంలో దీనికి నాలుగింతలు పలికిందండీ," అంది అమ్మ.

షావుకారు నవ్వలేదు. "అది మీ వాళ్ళ ప్రేమమ్మా. నాకు మీ మీద అంత ప్రేమ ఎక్కణ్ణించి వస్తుంది చెప్పండి?" అన్నాడు. తరువాత ఏమనుకున్నాడో, పురికొస తీసి తన కొట్టులో చాప ఒకదాని పొడవున పట్టి తెంపాడు. అదే పురికొసలో వెడల్పు దగ్గర ముడి వేశాడు. సరిగ్గా ఈ కొలతకు ఇరవై తెస్తే చూస్తానన్నాడు. అక్క ఆ పురికొసను పైట చెంగున ముడి వేసుకుంది. తీసుకెళ్ళిన చాపలన్నీ బస్సు మీద మాతోపాటే తిరిగి వచ్చాయి.

ఊళ్ళో దిగేసరికి మేస్త్రి తాతయ్య వచ్చి ఉన్నాడు. రెండో విడత మరో పదిహేను రోజుల్లో బయలుదేరుతుందట. అమ్మ నేరుగా వెళ్ళి తన పేరు చెప్పింది. ఆ సాయంత్రం అమ్మ నా మొహం కడుగుతుంటే నేను ఆ చేతులు పట్టుకుని వదలలేదు.

మరుసటి ఆదివారం పాస్టరుగారు ప్రవక్త దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకున్న విధవరాలి సంగతి చెప్పారు. ఇంట్లో కాస్త నూనె తప్ప ఏమీ లేదు. ఇరుగుపొరుగు ఇళ్ళలో ఖాళీ పాత్రలు అరువు తెచ్చుకోమన్నాడు ప్రవక్త. పాత్రలు ఉన్నంతసేపు నూనె వస్తూనే ఉంది. ఆరాధన ముగిసి ఆశీర్వాదం అయ్యాక అక్క లేచి నిలబడి, పాస్టరుగారిని అడిగి, ఒక మాట చెప్పింది. ఆమె సండే స్కూలులో మాకు పాఠాలు చెప్పేది గాని పెద్దల ముందు మాట్లాడటం అదే మొదటిసారి.

"పాత్రలిచ్చింది ఇరుగుపొరుగువాళ్ళు. కానీ ప్రవక్త ఆమెను నూనె తీసుకెళ్ళి అమ్ముకోమన్నాడు. పాత్రలిచ్చినవాళ్ళకే తిప్పి అమ్మమనలేదు కదండీ. మీరు నాకు పాత్ర ఇచ్చారు. నేనేమో దాన్నే బజారనుకున్నాను," అంది. తరువాత మేస్త్రి తాతయ్య వైపు తిరిగి, "తాతయ్యగారూ, ఇవాళ ఇంకో వేలం వెయ్యాలి. ధర వద్దు. ఈ చాపల్లో తప్పులు పాడించండి. ఎక్కువ తప్పులు పాడినవాళ్ళే మాకు ఎక్కువ సాయం చేసినట్టు," అంది.

పదిహేను చాపలూ మందిరంలో పరిచారు. తాతయ్య ముందుకు వచ్చి, "ఒకటోసారి," అన్నాడు. ఎవరూ పలకలేదు. తోటి విశ్వాసి పనిలో తప్పు పట్టడం, అదీ మందిరంలో, ఎవరికి నోరు వస్తుంది? "రెండోసారి," అన్నాడు. అప్పుడు ఆయనే ఇంటికి వెళ్ళి, కోత పండుగనాడు తను తీసుకున్న చాప తెచ్చి పరిచాడు. అంచు సగం దాకా ఊడిపోయి ఉంది. రెండు నెలలు కూడా కాలేదు. "నేను చెప్పలేదు. అమ్మాయి బాధపడుతుందని చుట్టచుట్టి అటక మీద పెట్టాను. నాదే మొదటి పాట. అంచు కట్టు గట్టిగా లేదు," అన్నాడు.

ఆ తరువాత మాటలు వచ్చాయి. చారలు వంకరపోయాయని ఒకరన్నారు. నేత మధ్యలో వదులైందని ఒకరన్నారు. "ఈ చాప మీద పడుకుంటే మా ఆయన కాళ్ళు నేల మీదే ఉంటాయి," అంది ఒకామె. "అది చాప తప్పు కాదే, మీ ఆయన కాళ్ళ తప్పు," అంది చివరింటి పెద్దమ్మ. పాస్టరుగారు కూడా నవ్వారు.

నాకు ఇంకొక తప్పు తెలుసు. అది మా అమ్మ చాపలో ఉంది. తొందరలో ఆమె సరిగ్గా ఎండని తుంగ కలిపి నేసింది. చుట్ట విప్పితే ముక్కిన వాసన వస్తుంది. ఆ రాత్రులు దాని పక్కనే పడుకున్నాను కాబట్టి నాకు తెలుసు, వేరే ఎవరికీ తెలియదు. చెబితే అమ్మ తలదించుకోవాలి. చెప్పకపోతే ఆ చాప షావుకారు దగ్గరికి వెళ్ళి తిరిగి వస్తుంది, అమ్మ మిరపచేలకు వెళ్తుంది. తాతయ్య "మూడోసారి" అనబోతుంటే లేచాను. "మా అమ్మ చాప వాసనొస్తంది తాతయ్యా, తుంగ ఎండలేదు," అన్నాను.

అమ్మ నా వైపు చూసింది. నేను చూపు దించేసుకున్నాను. అమ్మ లేచి, తన చాప ఎత్తి, అందరి ముందూ వాసన చూసింది. "నిజమే. రెండెండలు తక్కువ పెట్టాను," అంది. వచ్చి నా పక్కన కూర్చుంది.

ఇక మిగిలింది కొలత. అక్క చెంగున ఉన్న పురికొస విప్పింది. తాతయ్య దాన్ని తన వెదురు కర్ర పక్కన పట్టి చూశాడు. కర్ర పురికొస కంటే జానెడు పొడుగు. ఆయన రంపం తెమ్మన్నాడు. "కర్ర పాడవుద్ది తాతయ్యగారూ, మీ నాన్నగారిది," అంది అక్క. తన ముఠాలో ఎనిమిదిమంది తగ్గుతారని ఆ మనిషికి తెలుసు. ఆయన ఇల్లు గడిచేది ఆ ముఠా మీదే. అయినా ఆ కర్రను పురికొస పొడవుకు కోసి, ముడి ఉన్న చోట చాకుతో గాటు పెట్టి, అక్క చేతిలో పెట్టాడు. "పురికొస సాగుద్దమ్మా. కర్ర సాగదు," అన్నాడు.

మిగిలిన ఆ కొద్ది రోజుల్లో అక్కతో కలిపి తొమ్మిదిమందీ అదే కర్రతో కొలుచుకుని నేశారు. తుంగ ఎండిందో లేదో చూసే పని చివరింటి పెద్దమ్మది. రెండో విడత బయలుదేరే ముందు శనివారం ఇరవై చాపలు వన్ టౌన్ వెళ్ళాయి. షావుకారు వాటిని ఒకదాని మీద ఒకటి పరిచి, అంచుల మీద అరచెయ్యి రాసి, పంతొమ్మిది తీసుకున్నాడు. అంచు వదులుగా ఉందని ఒకటి తిప్పి ఇచ్చేశాడు. అది అక్కదే. అమ్మ, అక్క బస్సులో ఆ మాట చెప్పుకుని ఊరొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నారు.

అందరి కష్టాలూ ఆ ఒక్క ఏడుతో తీరలేదు. ఎనిమిదిమందిలో ఇద్దరు ఇల్లు గడవక ఆ ఏడు కూడా కోతలకు వెళ్ళాల్సి వచ్చింది. కానీ తరువాతి ఏళ్ళలో మందిరం పక్కన పాక పడింది, అందులో మగ్గాలు పెరిగాయి, పక్క ఊరి ఆడపిల్లలు కూడా వచ్చి నేత నేర్చుకున్నారు. ముఠా చిన్నదైన మేస్త్రి తాతయ్య చాపల మోపులు కట్టించి విజయవాడకు చేర్చే పని పెట్టుకున్నాడు. చాలాకాలానికి ప్లాస్టిక్ చాపలు వచ్చి మగ్గాలు ఆగిపోయాయి. ఇప్పుడు అదే చోట రేకుల షెడ్డులో మా సంఘం ఆడపిల్లలు గుడ్డ సంచులు కుడుతున్నారు. గోడకు ఆ కర్ర ఇంకా వేలాడుతోంది.

పోయిన నెల ఆ పిల్లలు తమ మొదటి సంచి తెచ్చి నా చేత ప్రార్థన చేయించుకున్నారు. నేను ప్రార్థన చేశాను, సంచి కొనుక్కున్నాను, అందరూ కొంటారు కూడా. తరువాత పిడి దగ్గర కుట్టు ఒకటే వరస ఉందని, బరువు వేస్తే తెగుతుందని చెప్పాను. ఒక పిల్ల మొహం చిన్నబోయింది. ఆ పిల్లే మర్నాడు వచ్చి, "ఇంకేమైనా తప్పుందా మామ్మగారూ?" అని అడిగింది. ఆ పిల్లను దగ్గరికి తీసుకున్నాను. ప్రేమించేవాళ్ళు తప్పు చెప్పకపోతే, ప్రేమ లేని బజారు దాన్ని ఎలాగూ చెబుతుంది. అప్పుడు దిద్దుకునే వ్యవధి ఉండదు. మందిరంలో ఆ రోజు నేను నేర్చుకున్నది ఇదే.

ఇంకొకటి కూడా ఆ వేసవి నుంచి నా దగ్గరే ఉంది. రెండో విడత వెళ్ళిపోయిన సోమవారం ఉదయం, లారీ చప్పుడు కాలవ గట్టు మీద దూరమవుతుండగా, మా అమ్మ వాకిట్లో నన్ను కూర్చోబెట్టి మొహం కడిగింది. తుంగ పీచు గీరి వేళ్ళు గరుకుగా ఉన్నాయి. కొంగు వాడలేదు. తడి చేత్తోనే నా కళ్ళు తుడిచింది. అవి మండలేదు.