గునుగు పూల గుట్ట

భివండీ పక్కనున్న మా గుట్ట గురించి, చూడవచ్చిన చుట్టాలందరికీ నేను గొప్పగా చెబుతాను. పైకెక్కితే సముద్రం మీద ఓడల పొగ కనబడుతుందనీ, వెనకటికి ఒక రాజు తన ఏనుగులను ఆ గుట్ట మీదే దాచాడనీ. ఓడలు అబద్ధం. ఏనుగులు నా సొంత కల్పన. ఆ గుట్ట మీద మేక నిలబడినా ఊరంతటికీ కనబడుతుంది. పైనుంచి చూస్తే నిజానికి కనిపించేవి నాగావ్‌లో సాంచాల, అంటే మరమగ్గాల కార్ఖానాల రేకులు, కాశేలి దిక్కు గోదాములు, ఆ వెనక ఖాడీ అనే బురద సముద్రపు పాయ.

దాని అసలు చరిత్ర ఇంకా చిన్నది. మేము సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చిననాడు గుట్టకు రెండు భుజాలుండేవి. ఊళ్లో కొత్త కార్ఖానా లేచినప్పుడల్లా కంకర క్వారీకి అక్కడ కొంత తరిగేది. మా సాంచాలు బిగించింది కూడా దాని కంకర మీదే. ఇప్పుడు ఒక భుజమే మిగిలింది. వానలు వెనకబట్టాక దాని మీద గునుగు పూస్తుంది. ఇక్కడ తంగేడు దొరకదు కాబట్టి బతుకమ్మ పేర్చడానికి మా ఆడవాళ్లకు ఆ గునుగే దిక్కు.

"బజార్ల బంతిపూలు కొందాం" అంటే నా భార్య, మా ముసలిది, ఒప్పుకోదు. "కొన్న పూలతోని బతుకమ్మ ఏంది, షోకు గాకపోతే!" అంటుంది.

మొన్న పండుగ ముందు సంచీ పట్టుకొని ఎక్కింది. మోకాళ్లు సహకరించక నేను కింద రోడ్డు మీద ఆగాను. పైన ఆమె ఆకుపచ్చ చీర కనబడుతూనే ఉంది. ఇంతలో క్వారీ కాపలావాడు దారికి అడ్డంగా తాడు కట్టి, ఎర్రజెండా ఎత్తి, బుగ్గలుబ్బించి ఈల ఊదాడు. మందు పేలుస్తున్నారన్నమాట. ఏళ్ల తరబడి సాంచాల మోతలో కూర్చొని నూలు కండెలు చుట్టిన ఆమెకు ఈల ఎక్కడ వినబడుతుంది? నాకే వినబడలేదు, జెండా చూస్తే తెలిసింది.

"రుకో భాయ్! మేరీ ఘర్‌వాలీ ఊపర్ హై!" అని, నా భార్య పైన ఉంది ఆగమని అరిచాను.

వాడు ఫోను తీసి నొక్కాడు. మందు అంటించేవాడు గుట్టకు అవతల ఉన్నాడు, ఫోను కలవడం లేదు. "ఆవాజ్ దో చాచా, జోర్ సే!" అని, గట్టిగా పిలవమన్నాడు.

"ఓ ముసలిదానా! దిగే! దిగు!"

కార్ఖానాలో మేము మాట్లాడుకునేది చేతులతోనే. పోగు తెగితే 'ఆపు' అని చేసే సైగ రెండు చేతులా చేశాను. ఆమె వీపు నా వైపుంది. వంగి పూలు కోస్తోంది.

తాడు దూకి గుట్ట మీదికి ఉరికానని తర్వాత వాడకట్టంతా చెప్పుకున్నాను. దూకలేదు. అక్కడే కూలబడ్డాను. చేతులు మాత్రం గాలిలో ఆడుతూనే ఉన్నాయి.

ముందు కింద నేల అదిరింది. తర్వాత దుమ్ము లేచింది. ఆకుపచ్చ చీర ఉన్నచోట ఏమీ కనబడలేదు.

చాలాసేపటికి ఆ దుమ్ములోంచి సంచీ చంకన పెట్టుకొని దిగి వచ్చింది.

"ఏందయ్యా, రోడ్డు మీద గట్ల కూసున్నవ్? పడ్డవా?"

చేత్తో గుట్టను చూపించాను.

"ఆఁ, కాళ్ల కింద అదిరింది. లారీ పోయిందనుకున్న." సంచీలోకి తొంగిచూసింది. "సగమే నిండింది. ఆ పక్కకు ఇంక మస్తున్నయ్. రేపు మల్ల పోత."

"వద్దే!" అని ఉన్న బలమంతా పెట్టి అరిచాను.

ఈసారి వినబడింది. కొంగుతో నా ముఖం మీది దుమ్ము తుడుస్తూ అడిగింది.

"మరి నువ్వు తెస్తవా?"

తెస్తానని అబద్ధమైనా ఆడలేకపోయాను.