వెర్నా పేరు చెప్పి చేసిన చట్టం

ఆ మాట వెర్నా కోంబ్స్ అన్నది చర్చి వంటగదిలో, చేతులకు మొక్కజొన్న పిండి అంటుకుని ఉండగా. అప్పుడు పక్కన పాస్టరుగారి భార్య గ్లెండా తప్ప ఇంకెవరూ లేరు.

"మార్లా మళ్ళీ డ్యూటీలో చేరిందటగా సిస్టర్? మీరిద్దరూ ఒకే గదిలో బట్టలు మార్చుకుంటున్నారా?" అని అడిగింది గ్లెండా.

"ఆఁ. కొంచెం ఇబ్బందిగానే ఉంది. అలవాటు పడాలి మరి," అంది వెర్నా.

అంతే. రొట్టెలు పొయ్యిలో పెట్టారు. మాటలు మోకాళ్ళ నొప్పుల మీదికి మళ్ళాయి.

వెర్నా ఆ కౌంటీలో, అంటే ఆ జిల్లాలో, అంబులెన్సు నడుపుతూనే జుట్టు నెరిసిన మనిషి. వెనక రోగి పక్కన కూర్చుని ప్రాణం నిలబెట్టే పని మార్లా టాకెట్‌ది. మార్లా ఆ ఉద్యోగంలో చేరినప్పుడు అందరూ ఆమెను మగవాడనే అనుకున్నారు. ఒక వేసవిలో సెలవు పెట్టి వెళ్ళి, ఆడమనిషిగా తిరిగొచ్చింది. వారం తిరక్కుండా కౌంటీవాళ్ళు ఉద్యోగం ఊడబెరికారు. ఆమె కోర్టుకెక్కింది. గోడౌనులో పెట్టెలు మోస్తూ మూడేళ్ళు కేసు నడిపి గెలిచింది. రాష్ట్ర చట్టం ప్రకారం ఇది వివక్షేనని జడ్జి తేల్చాడు. ఉద్యోగం ఇవ్వాలన్నాడు, ఆడవాళ్ళ గదిలో లాకరు కూడా ఇవ్వాలన్నాడు.

తీర్పు సిరా ఆరకముందే శాసనసభ్యుడు డ్వైట్ ప్రూయిట్ లేచాడు. ఆయన లాయరు కూడా. "జడ్జి చట్టం చూసి తీర్పు చెప్పాడు. సరే, మనం చట్టాన్నే మార్చేద్దాం," అని ఊరూరా తిరిగి చెప్పాడు. ప్రభుత్వ భవనాల్లో ఆడవాళ్ళ గదుల్లోకి ఆడపిల్లలుగా పుట్టినవాళ్ళు తప్ప ఇంకెవరూ అడుగుపెట్టకూడదన్నది ఆయన తెచ్చిన బిల్లు. దానికి చూపించుకోవడానికి ఒక బాధితురాలు కావాలి. గ్లెండా ద్వారా వెర్నా పేరు ఆయన చెవిన పడింది.

ఒక ఆదివారం ఇంటికొచ్చి, వెర్నా పీచ్ పండ్లతో చేసిన తీపి రొట్టెను రెండోసారి కూడా వడ్డించుకుని తిన్నాడు.

"వెర్నాగారూ, మీరెప్పుడైనా ఆ గదిలోకి వెళ్ళలేక ఆగిపోయారా?"

"ఒకసారి కారులో మార్చుకున్నా. పైకప్పు కారి గదంతా చెరువైపోతే," అని నవ్వింది వెర్నా. ఆయనా నవ్వాడు. బిల్లును విచారించే శాసనసభ కమిటీ ముందుకొచ్చి రెండు ముక్కలు చెప్పమంటే, ఆలోచిస్తానంది. ఆయన ఆమె ఆలోచన కోసం ఆగలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం రోగిని ఆసుపత్రిలో దింపి, వెర్నా, మార్లా బండిలో శాండ్‌విచ్‌లు తింటున్నారు. రేడియోలో ప్రూయిట్ గొంతు వినిపించింది. "మా ఊళ్ళో అంబులెన్సు నడిపే ఒక అమ్మమ్మ ఉంది. ఆ గదిలోకి వెళ్ళాలంటే వణికిపోతోంది. ఈ చలిలో కారులో కూర్చుని బట్టలు మార్చుకుంటోంది. ఆమె కన్నీళ్ళు ఆ జడ్జికి కనపడలేదా?"

మార్లా నమలడం ఆపేసింది. ఆ కౌంటీలో అంబులెన్సు నడిపే అమ్మమ్మ ఒక్కతే ఉంది.

"నువ్వు చెప్పావా ఇది?"

"కప్పు కారిందని చెప్పా."

"ఇంకేం చెప్పావ్?"

వెర్నా అబద్ధమాడలేదు. "ఇబ్బందిగా ఉందని గ్లెండాతో అన్నా."

"రోజూ నా పక్కనే కూర్చుంటున్నావు. నాతో ఒక్క ముక్క అనలేకపోయావా?" మార్లా గొంతు పెంచలేదు. మిగిలిన శాండ్‌విచ్ కాగితంలో చుట్టి చెత్తబుట్టలో పడేసి, వెనకకెళ్ళి కూర్చుంది.

వెర్నాకి మొదట సిగ్గేసింది. ఇల్లు చేరేసరికి అది కోపంగా మారింది. వణికిపోతోందట! బోల్తాపడ్డ బండ్లలోంచి, తగలబడే ఇళ్ళలోంచి మనుషుల్ని లాగిన చేతులు ఇవి. తన బల్ల దగ్గర కూర్చుని తిన్నవాడు, తనను భయస్తురాల్ని చేసి రాష్ట్రమంతా ఊరేగించాడు.

"మనకెందుకే ఈ గొడవ? చర్చిలో తలెత్తుకోలేం," అన్నాడు భర్త హోబర్ట్.

"నా తల నేనెత్తుకుంటా. నీ తల సంగతి నువ్వు చూసుకో."

కమిటీ విచారణ రోజున రాజధాని దాకా ఒంటరిగా కారు నడుపుకుంటూ పోయింది. ఆమెను చూసి ప్రూయిట్ మొహం వెలిగింది. చెయ్యి చాచాడు. ఆమె ఆ చెయ్యి దాటి వెళ్ళి మైకు ముందు కూర్చుంది.

"నా పేరు వెర్నా కోంబ్స్. రేడియోలో ఏడ్చిన అమ్మమ్మని నేనే. నేను ఏడవలేదు. కారులో బట్టలు మార్చుకున్నది పైకప్పు కారితే. నాలుగేళ్ళుగా బాగుచెయ్యమని మొత్తుకుంటున్నాం, దానికొక చట్టం చెయ్యడం ఎవరికీ చేతకాలేదు."

వెనక ఎవరో నవ్వారు. కమిటీ అధ్యక్షుడు సద్దుమణగమని సుత్తితో బల్ల మీద కొట్టాడు.

"అయితే ఇబ్బందిగా ఉందని మీరు అనలేదా మేడమ్?" అని అడిగాడాయన.

"అన్నాను. మా అల్లుడితో కలిసి భోంచెయ్యాలన్నా నాకు ఇబ్బందే. వాణ్ణి వంటింట్లోకి రానివ్వకుండా చట్టం చెయ్యమని మిమ్మల్ని అడిగానా? నా ఇబ్బంది నాది. దాన్ని నేనే సర్దుకుంటా. దాన్ని ఎత్తుకెళ్ళి ఒక మనిషి కూడు తియ్యడానికి వాడుకునే హక్కు ఈ పెద్దమనిషికి ఎవరిచ్చారు?"

"మీ సమయం అయిపోయింది మేడమ్."

"నన్నడక్కుండా నా పేరుతో ఆయన అంతసేపు మాట్లాడాడుగా! అప్పుడు అవ్వలేదా సమయం?"

మైకు ఆపేశారు. ఆపేసిన మైకులోనే ఆమె ఇంకాసేపు మాట్లాడింది. ఒక పోలీసు వచ్చి, మర్యాదగానే, మోచెయ్యి పట్టుకుని లేపాడు.

బిల్లు గెలిచింది. గవర్నరు చర్చిలాంటి ఒక హాల్లో పిల్లల మధ్య నిలబడి సంతకం పెట్టాడు. మర్నాడే మార్లా లాకరు ఖాళీ చేయించారు. రోడ్డవతల పెట్రోలు బంకులో బట్టలు మార్చుకోమన్నారు. పిలుపొచ్చినప్పుడు ఆమె ఆ రోడ్డు దాటి పరుగెత్తుకొచ్చేది. ఒకసారి ఛాతీనొప్పి కేసుకి ఆలస్యమైంది. మనిషి బతికాడు గాని, కౌంటీవాళ్ళు మార్లాకే హెచ్చరిక ఇచ్చారు. అదే నెలలో ఆమె రాజీనామా పారేసి, నది అవతలి రాష్ట్రంలో పనికి కుదిరింది. వెళ్ళే ముందు కొత్త చట్టం రాజ్యాంగానికి విరుద్ధమని మళ్ళీ కేసు వేసింది.

చర్చిలో వెర్నా పక్క కుర్చీ ఖాళీగా ఉండడం మొదలైంది. గ్లెండా ఎదురుపడితే, "నీ మంచికే చెప్పాను సిస్టర్," అంది. "నా మంచి నాకే వదిలెయ్యాల్సింది," అని వెర్నా ముందుకెళ్ళిపోయింది. హోబర్ట్ కొన్నాళ్ళు సణిగాడు. ప్రూయిట్ మనుషులు ఇంటి గోడ మీద అంటించిన ఎన్నికల పోస్టరు చూసిన రోజు మాత్రం, తనే గోకి పారేశాడు.

కొత్త కేసులో సాక్ష్యం చెప్పడానికి వెర్నా ఒప్పుకుంది. ఆ సంగతి చెప్పడానికి నది దాటి మార్లా ఇంటికెళ్ళింది. మార్లా తలుపు తీసింది గాని, లోపలికి రమ్మనలేదు.

"నీ మీద కోపం తగ్గలేదు వెర్నా."

"తగ్గించుకోమని అడగడానికి రాలేదు."

"ప్రభుత్వం వాళ్ళ లాయర్లు నిన్ను చీల్చి చెండాడతారు."

"రానీ. ఇన్నాళ్ళూ నా బదులు వాళ్ళే మాట్లాడారు. ఇప్పుడు నా ఎదురుగా కూర్చుని మాట్లాడమను."

మార్లా తలుపు పూర్తిగా తెరవలేదు, వెయ్యనూ లేదు. కోర్టులో విచారణ ఇంకా మొదలుకాలేదు.