చెంప మారిన మచ్చ

నవ్వుకుంటే నవ్వుకోండి, నాకేం కోపం లేదు. ఒక్క ఎర్రబల్బును నమ్మి చెంప కాల్చుకుని, మా యత్త పరువు బజారున పెట్టి, ఊరి వానను గూడా ఆపినంత పని చేసిన దాన్ని నేను. నాకు సంతకం తప్ప రాసేది రాదు. నేను చెప్తాంటే మనవరాలు రాస్తాంది. రాసే పిల్ల మాత్రం నవ్వితే ఊరుకోను.

నా కుడి చెంప మీద రేగ్గింజంత మచ్చ ఉండేది. నల్లమాడ పక్క పల్లెకు నేను కోడలై వచ్చిన యేడు, ముసలోళ్ళు గూడా చూడని వాన కురిసింది. వాన ఎందుకొచ్చిందో ఎవురికీ తెలీదు. కొత్త కోడలి మచ్చ మాత్రం అందరికీ కనపడింది. అంతే! అప్పట్నుంచి ఎవురి చేన్లో చెనిక్కాయ విత్తినా మొదటి పిడికెడు విత్తనం నేనే వెయ్యాల. "మచ్చక్కను పిలవండప్పా!" అని కబురు. ఎమ్మెల్యేకు గూడా అంత మర్యాద లేదు. మరి ఆ తర్వాత వానలు సరిగా పడినాయా అంటారా? మా సీమలో వాన పడకపోతే దేవుడి తప్పు, పడితే నా మచ్చ గొప్ప.

నాకు మాత్రం ఆ మచ్చంటే సిగ్గు. ఒక పెండ్లిలో ముసలాయనొకడు నా చెంప మీద ఈగ వాలిందనుకుని తువ్వాలుతో ఇసిరినాడు. ఈగ పోలేదు. నా మానం పోయింది.

ఆ తర్వాత ఒకసారి బోరు మోటరు బాగు చేయించేదానికి మా ఆయన అనంతపురం పోతాంటే, నేనూ వెంటబడి పోయినా. ఆయన మోటరు కాడ కూర్చున్యాడు. నేను బజారు చూస్తానని బయల్దేరినా. బస్టాండు పక్క సందులో ఒక బోర్డు. దాని మీద ఆడమనిషి మొగం, సగం నల్లగా, సగం తెల్లగా. చదవడం రాకున్యా బొమ్మ అర్థమయితాది గదా! లోపలికి పోతే తెల్లకోటాయన. ముక్కు మీద శనగ్గింజంత పులిపిరి.

"ఏమప్పా, ఇది ఆస్పత్రా?"

"ఆస్పత్రిలో లేనిది ఈడ ఉండాదక్కా. లేజరు! చంద్రుడి మీదికి పోయినోళ్ళు వాడే వెలుతురు."

"నొప్పి పెడ్తాదా?"

"వెలుతురు నొప్పి పెడ్తాదా యాడన్నా? రోజూ ఎండలో తిరగడం ల్యా నువ్వు?"

మా యెండ ఎట్లాంటిదో తెలిసి గూడా ఆ మాటకు తలకాయ ఊపినా చూడండి, నన్నేమనాల?

ట్రంకుపెట్టంత డబ్బా. దాని మీద గడియారం మాదిరి వణికే ముళ్ళు. స్విచ్చి నొక్కినాడు. గుయ్యిమని మోత, ఎర్రటి వెలుతురు! గదంతా కుంకుమ చల్లినట్లయింది. నా చేతులు ఎరుపు, గాజులు ఎరుపు. చెనిక్కాయలు ఒలుచుకునే దాని మొగం వెతుక్కుంటా చంద్రుడి కాణ్ణుంచి వెలుతురొచ్చిందే అని కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. ఆ డబ్బాకు దండం పెట్టినా.

"కదలాకక్కా, వెలుతురు తప్పుకుంటాది. కండ్లు మూసుకో."

మూసుకున్యా. ఏందో పుల్లతో చెంప మీద తడితడిగా అద్దినాడు. ఇంక చూడండి! మిరపకాయల్తో కలిపి నా చెంపను రోట్లో ఏసి నూరినట్లయ్యింది.

"అప్పా, మండుతాంది!"

"మచ్చ పోతాందక్కా. ఏడుస్తానే పోతాది."

"ఏడుస్తాండేది మచ్చ కాదప్పా, నేను!"

మచ్చ పోయింది. చుట్టూ ఉన్న చెంపను గూడా తోడు తీసుకుని పోయింది. రేగ్గింజ ఉన్న చోట తమలపాకంత పుండు. మా ఆయన నన్ను చూసి, "మోటరు బాగయింది గానీ, నువ్వు కాలిపోయినావేమే?" అని పెద్దాస్పత్రికి పిల్చుకుపోయినాడు.

ఆ ఆస్పత్రి డాక్టరమ్మ పుండు చూసి, "ఎవరమ్మా చేసింది?" అనింది.

"లేజరమ్మా. ఎర్రగా ఉంటాది, గుయ్యిమంటాది. పుల్లతో ఏందో అద్దినాడు."

"వెలుతురుకు కాలింది కాదిది. ఆ పుల్లకుండేది యాసిడ్. బల్బు నిన్ను మురిపించేదానికి."

"తెల్లకోటు ఏసుకున్యాడు గదమ్మా!"

"మా క్యాంటీన్లో దోసెలు పోసేవాడూ ఏసుకుంటాడు. ఏం చదివినావు, ఎవరు నేర్పినారు, ఎవరు చెయ్యమన్నారు అని అడిగినావా?"

"నొప్పి పెడ్తాదా అని అడిగినా."

ఆయమ్మ తల కొట్టుకుంది. "లేజరనేది నిజంగానే ఉండాదమ్మా. కత్తికన్నా పదును. నేర్చుకున్నోళ్ళ చేతిలోనే ఉండాల. ఎవరి చేతిలో ఉండాలో చెప్పే చట్టం లేకుంటే సందుకొక ఎర్రబల్బు వెలుగుతాది."

వెలుతురుకు గూడా చట్టమా అని నోరు తెరిచినా. పుండు లాగింది. మూసుకున్యా.

ఊరు చేరేసరికి తొలి వాన పడి నేల తడిసింది. వాకిట్లో నారాయణప్ప. "మచ్చక్కా, రేపు మా చేన్లో విత్తే గొర్రు కడతాండాం. మొదటి పిడికెడు నీదే!"

నేను కొంగు కప్పుకుని లోపలికి ఉరికినా. మచ్చ పోయిందని తెలిసినాక మళ్ళీ వాన రాకపోతే? ఎండిన ప్రతి చెట్టునూ తెచ్చి నా చెంపకే గదా చూపించేది! మా యత్త ఊర్లో తలెత్తుకునేదెట్లా?

కాలిన చోట కాటుక పెడితే ప్రాణం పోతాది. అందుకని తెల్లారి కుడి చెంపకు పంటినొప్పని గుడ్డ కట్టి, ఎడమ చెంప మీద కాటుకతో మచ్చ పెట్టినా. మచ్చ ఏ పక్కుండేదో మొగోళ్ళకేం గుర్తుంటాది?

గొర్రు కట్టినారు. ఊరంతా గట్టున నిలబడింది. నారాయణప్ప నా మొగం చానాసేపు చూసినాడు.

"పంటినొప్పా అక్కా?"

"ఊ."

"మచ్చ బాగుండాదా?"

"ఊ."

దేవుణ్ణి తలుచుకుని పిడికెడు ఏసినా. గొర్రు కదిలింది. ఉన్నట్టుండి గాలి నిల్చిపోయింది. ఎద్దులు తలలెత్తినాయి. పడమట కొండలు కనపడకుండా పోయినాయి. వచ్చిందండీ వాన! ఎర్రమట్టి వాసన గొంతు దాకా దిగింది. ముసలీ ముతకా అందరూ ఆకాశం దిక్కు నోరు తెరుచుకుని నిలబడినారు. ఎర్రబల్బుకు దండం పెట్టింది గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. ఇంత పెద్దది, ఏ స్విచ్చీ నొక్కకుండా వచ్చింది!

తల దించేసరికి అందరూ నన్నే చూస్తాండారు. గుడ్డ జారిపోయింది. కాటుక కారిపోయింది.

మా యత్త కొంగుతో నా మొగం తుడుస్తా అనింది: "పొద్దున చెంప మారె, ఇప్పుడు మెడకు దిగె. సాయంత్రానికి యాడికి పోతాదే నీ మచ్చ?"

"పొద్దున్నే చూసినాం లేక్కా," అన్యాడు నారాయణప్ప. "నువ్వు ఊ అంటివి గదా అని ఊరుకుంటిమి."

చేనంతా నవ్వింది, వానలోనే.

చెనిక్కాయలు పీకే కాలానికి తెల్లకోటాయన డబ్బాను సైకిలుకు కట్టుకుని మా ఊరికే వచ్చినాడు. వీడేనని నేను చూపిస్తే మా యత్త అడ్డం నిలబడింది.

"ముందు నీ ముక్కు మీద పులిపిరికి పెట్టుకో నాయనా. మేం చూస్తాం."

"అది... అది నాకు అచ్చొచ్చిన పులిపిరి అత్తా!"

అంతే, సైకిలు తిప్పుకున్యాడు. మొగాలకు పెట్టే యంత్రం ఏదొచ్చినా ముందు తెచ్చినోడి మొగానికే పెట్టి చూపించాలని సర్పంచి దండోరా ఏయించినాడు. డాక్టరమ్మ చెప్పిన చట్టం మా ఊర్లో అట్లా పుట్టింది.

నేనూ విత్తనాల గంప ముట్టుకుని ఒట్టేసినా: ముక్కు మీద పులిపిరి ఉన్నోడు వెలుతురు తెస్తే నా మొగం చూపించను. నాకు మా సీమ ఎండ చాలు. నల్లగా కాలిస్తే కాల్చనీ, చంద్రుడి కాణ్ణుంచి వచ్చినానని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.