మెరిసేదాకా తోమిన డబ్బా

ఆ సోమవారం మధ్యాహ్నానికి అంజనమ్మ పదిహేడు రేకుడబ్బాల అడుగుకు మేకుతో చిల్లులు కొట్టింది. పరగోడులో ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్లను బతిమాలి తెచ్చిన డబ్బాలవి. 1964లో వేరుశనక్కాయ చేలకు కంబళిపురుగు పడితే బాగేపల్లి నుంచి పురుగుమందు వచ్చింది. అందరూ దాన్ని ఉత్త మందనే అన్నారు. జ్వరానికి మింగేదీ మందే కదా. చల్లడం అయ్యాక ఖాళీ డబ్బా ఇంటికి చేరేది. గట్టి రేకు, బిగుతైన మూత. ఏ ఆడమనిషి పారేస్తుంది?

అంజనమ్మా పారేయలేదు. చింతపండు, బూడిద పెట్టి మూడుసార్లు తోమింది. మీది కాగితం, దానిమీది పుర్రె బొమ్మ ఊడిపోయి డబ్బా మెరిసేదాకా తోమి, గానుగనూనె పోసింది. అయిదో నెల కడుపుతో ఉన్న కోడలు గంగులమ్మ బూరెలడిగితే ఆ నూనెతోనే కాల్చి ముందు ఆమెకే పెట్టింది. గాలి సోకిందని ఇరుగుపొరుగు వేపమండలు తెచ్చేలోగా పిల్ల కొయ్యబారిపోయింది. ఆస్పత్రికి తీసుకుపోతుంటే కడుపులో బిడ్డతో సహా బండిలోనే పోయింది. ఆస్పత్రిలో డాక్టరు అడిగింది ఒకటే మాట, నూనె దేంట్లో పోసినారని.

పద్దెనిమిదో డబ్బా అక్కయమ్మ ఇంట్లో ఉంది. కాన్పుకు వచ్చిన కూతురు కాంచన కోసమని నిన్ననే దాన్నిండా నూనె పోసింది.

"పారబొయ్యి అక్కయమ్మా."

"పారబొయ్యాల్నా? నీ ఇంట్లో గానుగేమన్నా ఉండాదా, మళ్లా పోస్తావా? నీ కోడలికి ఆయువు చాల్లేదు. దానికి నా డబ్బా ఏం చేసింది?"

"అది మందు డబ్బా."

"మందే కదమ్మా, కడిగితే పోతాది. మూడుతూర్లు తోమినా."

"నేనూ మూడుతూర్లే తోమినా."

గంగులమ్మే డబ్బా తోముకుందని ఊరంతా అనుకుంటుంటే అంజనమ్మ అంతవరకూ కాదనలేదు.

"బూరెలు నేనే కాలిస్తి. ఇంకోటి తినమ్మా అని నేనే పెడితి."

వాకిట్లో కూర్చున్న కాంచన లేచి లోపలికి వెళ్లింది. డబ్బా ఎత్తబోతుంటే అక్కయమ్మ పరిగెత్తింది.

"నిండు మనిషివి, బరువెత్తొద్దే!" అని తానే అందుకుంది. పెరట్లో గుంత తీసి నూనెంతా వంచింది. ఖాళీ డబ్బా బోర్లించి పట్టుకుంది. అంజనమ్మ మేకు ఆనించి రాయితో కొట్టింది.

ఆ శుక్రవారం బాగేపల్లి అంగడికి కొత్త మందు వచ్చింది. పరగోడు వంతు నలభై డబ్బాలు.